మఠం ఇంటికి వెళ్ళిన పండుగ బుట్ట

బెర్నీ హుడాక్ కోల్టర్ అనే ఊళ్ళో పుట్టింది. అక్కడే ఉండిపోయింది. ఊరు నది ఒడ్డున ఉంటుంది. ఒడ్డు పొడుగునా ఉక్కు మిల్లు ఉండేది. ఇప్పుడు దాని గోడ ఒక్కటే ఉంది.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. వేడి దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. రిటైరయ్యాక కూడా చేతులు ఊరికే ఉండేవి కావు. బల్ల మీద తువ్వాలు కనిపిస్తే తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఎవడూ అడగందే" అనేది. అడిగినవాడు ఒకడున్నాడు. అప్పటికి తల్లి పోయి కొన్నాళ్ళయింది. తమ్ముడు రిచీ ఇంకా బడికి వెళుతున్నాడు. వాడికి బూట్లు కొనాలి, అన్నం పెట్టాలి, పొద్దున్నే లేపాలి. అడిగినవాడు కొంతకాలం చూసి, ఒహాయో వెళ్ళిపోయాడు.

రిచీ పెద్దయ్యాక ఇళ్ళకు పైకప్పులు వేసే పనిలో చేరాడు. కోతిలా ఎక్కేవాడు. ఒక ఏప్రిల్‌లో, వాన పడి ఆగిన పొద్దున, ఒక చర్చి పైకప్పు మీంచి జారాడు. నడుము దెబ్బతింది. డాక్టరు మాత్రలు రాశాడు. ఆ రోజుల్లో ఆ నది లోయలో నడుంనొప్పి అన్నవాడికల్లా అవే మాత్రలు. నొప్పి తగ్గింది. మాత్రలు తగ్గలేదు. తర్వాత ఆ డాక్టరు క్లినిక్ మూసి ఎటో పోయాడు. రిచీ వీధిలో దొరికే మత్తుమందుకు దిగాడు.

ఆ తర్వాతి సంవత్సరాలను బెర్నీ ఎవరికీ వరసగా చెప్పలేదు. చేతిసంచి దిండు కింద పెట్టుకుని పడుకునేది. రెండుసార్లు తాళం మార్చింది. రెండుసార్లూ వాడికి కొత్త తాళంచెవి తానే ఇచ్చింది. ఒకసారి స్నానాలగదిలో పెదవులు నీలిరంగుకు తిరిగి పడి ఉన్నాడు. అంబులెన్సు వచ్చేదాకా వాడి ఛాతీ నొక్కుతూ కూర్చుంది. వాడు జైలుకు వెళ్ళి వచ్చేవాడు, మానేశానని ఒట్టు పెట్టేవాడు. అమ్మ సమాధి మీద పెట్టేవాడు. ఆమె నమ్మేది. తర్వాత నమ్మినట్టు ఉండేది. చివరికి "సరే" అనడం నేర్చుకుంది. అది నమ్మకమూ కాదు, పోట్లాటా కాదు.

మాత్రలు చేసి అమ్మిన కంపెనీల మీద రాష్ట్రాలు దావా వేశాయి. కంపెనీలు రాజీకి వచ్చి డబ్బు కట్టాయి. ఏటా కొంత కౌంటీకి, అంటే ఆ జిల్లాకు, వచ్చేది. ఊళ్ళో దాన్ని మాత్రల డబ్బు అనేవాళ్ళు. మొదటి ఏడు కౌంటీని నడిపే ముగ్గురు కమిషనర్లు దానితో షెరీఫ్ పోలీసు కార్లకు కొత్త రేడియోలు కొన్నారు. జనం గొణిగారు. రెండో ఏడు డబ్బు ఏం చేయాలో చెప్పమని కోర్టు మేడమీద హాల్లో సభ పెట్టారు.

బెర్నీ చర్చికి వేసుకునే కోటు వేసుకుని వెళ్ళింది. ముందు మాట్లాడినవాళ్ళు కాగితాలు చూసి చదివారు. తన వంతు వచ్చినప్పుడు ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"మా తమ్ముడు జైల్లోంచి బయటికొస్తే వెళ్ళడానికి ఒక్క మా ఇల్లే ఉంది. నాకు దుప్పట్లు ఉతకడం వచ్చు. వాణ్ణి బాగుచెయ్యడం రాదు. ఇంకో ఇల్లు కావాలి." అని కూర్చుంది.

కమిషనర్లలో ఒకడు జార్జ్ ప్రోకాప్. బెర్నీ వెళ్ళే చర్చికే వెళతాడు. ఆమె కంటే ఒక తరగతి పైన చదివాడు. మత్తు మానేవాళ్ళు ఉండేందుకు ఒక ఇల్లు పెట్టాలన్న మాటకు అతను వ్యతిరేకంగా ఓటు వేశాడు. మిగతా ఇద్దరూ అనుకూలంగా వేశారు.

అలా కొండ మీద సన్యాసినుల మఠం తలుపులు తెరిచారు. సన్యాసినులు వెళ్ళిపోయి చాలా కాలమైంది. కౌంటీ దానికి కొత్త బాయిలరు పెట్టించింది, మంచాలు వేయించింది, నడిపేందుకు లమార్ గెయిన్స్‌ను పెట్టింది. లమార్ దక్షిణాన జార్జియా రాష్ట్రంవాడు. తానూ ఒకప్పుడు ఆ దారిలో పడి బయటపడ్డవాడు. భారీ మనిషి. మాట మెత్తన. పెద్దవాళ్ళను పేరుపెట్టి పిలిచినా, ముందు మిస్ అనడం మానడు.

ఆకులు రాలే కాలంలో జడ్జి రిచీని జైలు నుంచి ఆ ఇంటికి పంపింది. షరతు ఒక్కటే. వారం వారం పరీక్ష ఉంటుంది. ఒక్కసారి తప్పితే మళ్ళీ జైలు.

పరీక్ష అంటే మూత్రం పట్టే ఒక ప్లాస్టిక్ కప్పు. దాని పక్కన పట్టీలు ఉంటాయి, ఒక్కో మందుకు ఒక్కోటి. పట్టీ మీద గీత వస్తే ఆ మందు ఒంట్లో లేనట్టు. గీత రాకపోతే ఉన్నట్టు. రిచీ ప్రతి సోమవారం ఫోన్ చేసి, "గీతలన్నీ ఉన్నాయక్కా" అనేవాడు. ఆమె "సరే" అనేది. చలికాలం గడిచేసరికి ఆ సరేలో కొంచెం వేడి వచ్చింది.

ఈస్టర్ వచ్చింది.

బెర్నీ వెళ్ళే చర్చి ఆడవాళ్ళు నలభై రోజుల ఉపవాసకాలమంతా చర్చి నేలమాళిగలో రొట్టె రోల్స్ చేస్తారు. అమ్మి చర్చి ఖర్చులు గడుపుతారు. కొన్నిట్లో అక్రోటు, కొన్నిట్లో ఆప్రికాట్ పండు, కొన్నిట్లో గసగసాలు. గసగసాలు నూరి, పాలలో తేనెతో ఉడికించి, నల్లటి ముద్ద చేస్తారు. పిండిని పలుచగా పరిచి, ఆ ముద్ద పూసి, చాపలా చుట్టి కాలుస్తారు. పూసే పని బెర్నీది. చుట్టే పని ఐరీన్‌ది. ఐరీన్‌కు ఎనభై దాటాయి. నోరు మాత్రం పదహారు దగ్గరే ఆగింది.

"అంత పూస్తున్నావేంటే, ఇల్లు అలుకుతున్నావా?" అంది ఐరీన్.

"ఇది అమ్మకానికి కాదు. మా రిచీ బుట్టలోకి."

ఐరీన్ ముద్ద కుండ ఆమె వైపు జరిపింది.

ఈస్టర్ ముందటి శనివారం ఇళ్ళవాళ్ళంతా బుట్టలు తెచ్చి చర్చి నడవలో వరసగా పెడతారు. హ్యామ్, సాసేజి, రంగులేసిన గుడ్లు, గొర్రెపిల్ల ఆకారంలో వెన్న, బీట్‌రూట్ కలిపిన ఘాటు పచ్చడి, పాస్కా అనే పండుగ రొట్టె, రోల్స్. పైన కుట్టుపని చేసిన గుడ్డ. ఫాదర్ దీవించి పవిత్రజలం చల్లుతాడు. ఆ తర్వాత ఆ తిండి మామూలు తిండి కాదు. దాన్ని పారేయకూడదు. గుడ్డు పెంకులు కూడా చెత్తబుట్టలో వేయరు. పొయ్యిలో వేస్తారు, లేకపోతే మట్టిలో పాతుతారు.

చర్చికి వెళ్ళి రావడానికి లమార్ అనుమతి ఇచ్చాడు. రిచీ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, బుట్ట పట్టుకుని అక్క పక్కన నిలబడ్డాడు. చాలా ఈస్టర్ల తర్వాత నిలబడ్డాడు.

ఐరీన్ వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఎవర్రా ఇది? రిచీవా! జుట్టంతా ఏ గాలికి కొట్టుకుపోయిందిరా?"

"నువ్వు తిట్టినప్పుడల్లా కాస్త రాలింది పిన్నీ."

బయటికి వచ్చాక బెర్నీ బుట్ట వాడి చేతిలోనే ఉంచింది.

"ఇది నీతో తీసుకెళ్ళు. ఆ ఇంట్లో మగాళ్ళకి పండగ చేసేవాళ్ళెవరున్నారు? అందరూ తినండి. ఒక్క తునక చెత్తలో పడకూడదు. తెలుసుగా?"

"తెలుసు. ఆ పాఠం అమ్మ నాకు చెవి మెలిపెట్టి చెప్పింది."

"రోల్ కూడా మొత్తం తినెయ్యండి. నిలవుంటే ఎండిపోద్ది."

ఆదివారం సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. బుట్టలో గుడ్డ తప్ప ఏమీ మిగల్లేదన్నాడు. ఒకడు బల్ల మీద రాలిన నల్ల పొడిని కూడా వేలితో అద్దుకుని తిన్నాడట. బెర్నీ చాలాసేపు నవ్వింది. ఆ రాత్రి నిద్ర చాలా హాయిగా పట్టింది ఆమెకు.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అక్కా, గీత రాలేదు."

ఆమె సింకు దగ్గర నిలబడి ఉంది. నీళ్ళు కట్టేసింది.

"నేనేం తీసుకోలేదక్కా. నిజంగా. ఏం జరిగిందో నాకు తెలీదు."

కిటికీలోంచి పక్కింటి దండెం కనిపిస్తోంది. ఒక తెల్ల చొక్కా, చేతులు కిందికి వేలాడుతూ.

"సరే" అంది బెర్నీ.

అటువైపు వాడు ఫోన్ పెట్టేశాడు.

ఆమె ఆ చొక్కాను చూస్తూ ఉండిపోయింది. జడ్జి ముందు వాడి వాయిదా గురువారం. ఆ తర్వాత జైలు. జైలు తర్వాత బయట. ఈ లోయలో జైలు నుంచి వచ్చిన మొదటి వారంలోనే చాలామంది పోయారు. ఒంటికి అలవాటు తప్పుతుంది, చేతికి తప్పదు. పాత మోతాదే తీసుకుంటారు. వాళ్ళ అంత్యక్రియల తర్వాత పెట్టే భోజనాలకు బెర్నీ బంగాళదుంపలు తరిగింది.

సాయంత్రం ఐరీన్ ఫోన్ చేసింది. "విన్నావా? మీవాడొక్కడే కాదంట. ఆ ఇంట్లో అందరూ తప్పారంట. ఒక్కడు మిగల్లేదు."

"అందరూనా?"

"అందరూ. జార్జ్ ప్రోకాప్ ఊగిపోతున్నాడు. బుధవారం కమిషనర్ల మీటింగులో ఆ ఇల్లు మూసెయ్యాలని పెడతాడంట. ఇంకోటి కూడా అంటున్నారు బెర్నీ. నామీద అరవకు. సరుకు లోపలికి నీ బుట్టలో వెళ్ళిందంటున్నారు."

బెర్నీ అరవలేదు. అందరూ తప్పారంటే ఎవడో లోపలికి తెచ్చాడు. శనివారం బయటికి వచ్చి తిరిగి వెళ్ళినవాడు రిచీ. బుట్ట మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద ఏం పెట్టినా ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చాక ఆమె కుర్చీలో కూర్చుంది. చాలాసేపటి దాకా దీపం వేయలేదు.

మంగళవారం పొద్దున లమార్ వచ్చాడు. టోపీ తీసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గుమ్మమంతా తానే అయ్యాడు.

"మిస్ బెర్నీ, ఒక మాట అడగాలి. తప్పుగా అనుకోకండి."

"అనుకుంటాను. అడుగు."

"బుట్టలో ఏం పెట్టారు?"

"దేవుడి తిండి పెట్టాను. ఇంకేం పెడతాను? హ్యామ్. సాసేజి. గుడ్లు. వెన్న. బీట్‌రూట్ పచ్చడి. అది కాస్త ఘాటు, ముక్కులోంచి నీళ్ళొస్తాయి, అంతే. పాస్కా రొట్టె. గసగసాల రోల్. షెరీఫ్‌కి చెప్పు, వచ్చి నా పొయ్యి కూడా వెతుక్కోమను."

"ఆగండి. ఏ రోల్?"

"గసగసాలది."

"అంటే పైన చల్లారా? బన్ను మీద చల్లినట్టు?"

"చల్లడమేంటి, నీ మొహం. మేం చల్లం. నూరి కూరతాం."

"ఎంత?"

ఆమె ఫ్రీజరు తెరిచి, గుడ్డలో చుట్టిన రోల్ తీసి, బల్ల మీద పెట్టి కోసింది. ముక్క పక్కకు పడింది. నల్లటి సుడి. మధ్యలో పిండి దారమంత.

లమార్ ఆ ముక్కను చూశాడు. ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు. చేత్తో మొహం కప్పుకున్నాడు. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది ఆమె. నవ్వుతున్నాడు.

"నిన్నట్నుంచి ఒక్కటే నన్ను తొలిచేస్తోంది మిస్ బెర్నీ. ఈ రోజుల్లో వీధిలో ఏం కొన్నా అందులో ఫెంటనిల్ అనే కొత్త మత్తుమందు ఉంటుంది. దానికి వేరే పట్టీ ఉంది. ఆ గీత అందరికీ వచ్చింది, శుభ్రంగా. పాతకాలం నల్లమందు గీత ఒక్కటే పోయింది. ఇంతమందికి ఇంత పాత సరుకు ఎక్కడ దొరికిందా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా."

"నాకర్థం కావట్లేదు."

"గసగసాలూ నల్లమందూ ఒకే కాయలోవి. కాయకి గాటు పెడితే కారే పాలు నల్లమందు. లోపలి గింజలు ఇవి. ఆ పాలు గింజలకి కాస్త అంటుకునే వస్తాయి. మత్తేం ఎక్కదు. కానీ కప్పు కనిపెట్టేస్తుంది. దానికి తేడా తెలీదు."

"చిన్నప్పట్నుంచీ తింటున్నాం."

"మీ ఒంట్లో ఏముందో ఎవరూ కప్పులో చూళ్ళేదు కదా. మా ఇంట్లో దగ్గు మందు వద్దని చెప్పాను, ఘాటు మౌత్‌వాష్ వద్దని చెప్పాను. ఇది చెప్పాలని తట్టలేదు. మా జార్జియాలో గసగసాలంటే బన్ను మీద నాలుగు ఇసుకరేణువులు. మీరు బొగ్గుగనంత చుట్టారు."

బెర్నీ బల్ల అంచు పట్టుకుంది. మొదట ఛాతీలో ఏదో వదులైంది. వాడు తీసుకోలేదు. వాడు తీసుకోలేదు. ఆ మాట తప్ప ఇంకేమీ లేదు కాసేపు. తర్వాత, నెమ్మదిగా, నిన్న ఫోన్‌లో తాను అన్న "సరే" గుర్తొచ్చింది.

"మరి చెప్పెయ్యి" అంది. "జార్జ్‌కి చెప్పు, జడ్జికి చెప్పు."

"చెప్తాను. వింటారా? ఇల్లు నిలబెట్టుకోడానికి కథలల్లుతున్నానంటారు. పెద్ద ల్యాబుకి పంపాను, వాళ్ళు తేల్చగలరు. కానీ గురువారానికి రాదు. మీటింగు రేపే." అతను రోల్ వంక చూశాడు. "ఇది తినే ఆడవాళ్ళు ఎవరైనా, ఎవరికీ అనుమానం రానివాళ్ళు, తిని పరీక్ష చేయించుకుంటే..."

బెర్నీ అప్పటికే ఫోన్ తీసింది.

"ఐరీన్, రేపు పొద్దున నీకేం పనుంది?"

"చావడం తప్ప ఏం లేదు. ఏం?"

"ఇవాళ రాత్రి గసగసాల రోల్ తిను. పొద్దున లేవగానే మళ్ళీ తిను. కడుపునిండా. మిగతావాళ్ళకీ చెప్పు."

"డాక్టరు తీపి వద్దన్నాడే."

"దేవుడి పనే."

"అయితే రెండు ముక్కలు ఎక్కువ తింటా."

బుధవారం కోర్టు మేడ మీద హాలు నిండింది. మఠం ఇంటి మగాళ్ళు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఉతికిన బట్టలు వేసుకున్నారు. రిచీ చివర ఉన్నాడు. అక్కను చూసి తల ఊపాడు, అంతే. దగ్గరికి రాలేదు.

లమార్ పిలిపించిన కౌంటీ నర్సు కప్పుల పెట్టె తెచ్చుకుంది. రోల్స్ చేసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే కారిడార్ చివర గదికి వెళ్ళి వచ్చారు. ఐరీన్ చేతికర్రతో వెళ్ళింది. తిరిగి వస్తూ, దారిలో షెరీఫ్ మనిషి కనబడితే, "పట్టుకోవయ్యా, పారిపోగలను" అంది. నర్సు కప్పులను కిటికీ గట్టు మీద వరసగా పెట్టి, మూతల మీద పేర్లు అంటించింది.

జార్జ్ ప్రోకాప్ బల్ల వెనక కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"క్రీస్తు లేచాడు, జార్జీ" అంది ఐరీన్, గట్టిగా.

ఆ వారమంతా ఆ చర్చివాళ్ళు ఎదురైతే అదే పలకరింపు. జవాబు చెప్పకుండా ఉండలేరు.

"నిజంగా లేచాడు" అన్నాడు జార్జ్, తల ఎత్తకుండా. తర్వాత, "ఇక్కడేం జరుగుతోంది?" అన్నాడు.

లమార్ చెప్పాడు. తక్కువ మాటల్లో చెప్పాడు. జార్జ్ మధ్యలో అడ్డుపడ్డాడు. "గసగసాలంట! చూడండి, ఈ డబ్బు చచ్చిపోయిన పిల్లల పేరున వచ్చింది. మా వీధిలోనే ఇద్దరు పోయారు. దీన్ని కాపలా లేని ఇంట్లో పోస్తే నేను వాళ్ళ తల్లులకి ఏం చెప్పాలి?"

కొందరు తలలు ఊపారు. ఆ మాట అబద్ధం కాదు. ఆ తల్లుల్లో ఒకామె మూడో వరసలో కూర్చుని ఉంది.

బెర్నీ లేచింది. ఈసారి కుర్చీ పట్టుకోలేదు.

"జార్జ్, బుట్ట నాది. రోల్ నేను చేశాను. ఒక్క తునక పారెయ్యొద్దని నేనే చెప్పాను. వాళ్ళు బుద్ధిగా తిన్నారు. నేను పెట్టిన తిండికి వాళ్ళని జైలుకి పంపుతావా? పంపితే ముందు నన్ను పంపు. ఆ కప్పులు చూడు."

నర్సు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. ఆమె ఐరీన్ కప్పును వెలుతురులో పెట్టి, తిప్పి, మళ్ళీ చూసింది.

"ఫెంటనిల్ లేదు. మిగతావేవీ లేవు. నల్లమందు పట్టీ మీద గీత రాలేదు." తర్వాతది ఎత్తింది. "ఇదీ అంతే." తర్వాతది. "ఇదీ."

"అంటే?" అంది ఐరీన్.

"అంటే మీ కప్పు కూడా తప్పిందమ్మా."

"ఎనభై ఏళ్ళకి చెడిపోయాను" అంది ఐరీన్. "మా ఆయన బతికుంటే ఎంత సంతోషించేవాడో."

నవ్వు ముందు వెనక గోడ దగ్గర మొదలైంది. మగాళ్ళు నవ్వుతున్నారు, నవ్వొచ్చో లేదో తెలియనట్టు, నోళ్ళు మూసుకుని. తర్వాత హాలంతా నవ్వింది. మూడో వరసలో తల్లి కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"నర్సమ్మా, జార్జీకి కూడా ఒక కప్పివ్వు" అంది ఐరీన్. "వాళ్ళావిడ మా దగ్గర సంచి నిండా కొనుక్కెళ్ళింది."

జార్జ్ మొహం ఎర్రబడింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు. వెనకున్న మగాళ్ళ వైపు చూశాడు. ఇల్లు తెరిచాక వాళ్ళను అంత సూటిగా చూడడం అదే మొదలు కావచ్చు.

"అక్కర్లేదు" అన్నాడు. "పొద్దున కాఫీతో రెండు ముక్కలు తిన్నాను."

ఆ తర్వాత కాసేపు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. జార్జ్ బల్ల మీద తట్టాడు. ఇల్లు మూసే ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ల్యాబు జవాబు వచ్చాక తనకు చూపించాలన్నాడు. ఏడాది చివర లెక్క అడుగుతానన్నాడు. "అడగండి" అన్నాడు లమార్. అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు.

గురువారం జడ్జి లమార్ చెప్పింది విన్నది. నర్సు చెప్పింది విన్నది. రిచీని ముందుకు పిలిచింది.

"మిస్టర్ హుడాక్, బాగుందా ఆ రోల్?"

రిచీ తల ఎత్తాడు. "చాలా బాగుందండీ. అదే బాధ."

ల్యాబు నుంచి జవాబు వచ్చేదాకా ఈ పరీక్ష లెక్కలోకి రాదని జడ్జి చెప్పింది. అతను మఠం ఇంట్లోనే ఉండాలి. గసగసాలు మాత్రం ముట్టకూడదు. తర్వాతి పేరు పిలవమంది. అంతా కలిపి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

బయట ఎండగా ఉంది. బెర్నీ కారు కోర్టు వెనక, నది వైపు ఉంది. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. ఆమె తాళంచెవి పెట్టింది, తిప్పలేదు.

"నేను నమ్మలేదురా" అంది.

"తెలుసు."

"ఫోన్‌లో సరే అన్నాను."

"నీ సరేలన్నీ నాకు తెలుసక్కా. అది పాతది."

"బుట్టలో నువ్వే ఏదో పెట్టావనుకున్నాను. గుడ్డ కింద. రాత్రంతా అదే అనుకున్నాను."

రిచీ కిటికీ అద్దం దించాడు. నది మీద నుంచి గాలి వచ్చింది. ఇసుక మోసే పడవ ఒకటి నెమ్మదిగా ఎగువకు వెళుతోంది.

"నీ చోట నేనుంటే నేనూ నమ్మను" అన్నాడు. "నాకే నమ్మకం పోయిందక్కా. సోమవారం అంతా కూర్చుని ఆలోచించాను, ఒకవేళ తీసుకుని మర్చిపోయానేమోనని. నిజం. నిద్రలో నడిచి వెళ్ళానేమోనని బూట్లు కూడా చూసుకున్నాను, బురదేమన్నా ఉందా అని."

"ఉందా?"

"లేదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆ చేతి మీద తారు కాల్చిన పాత మచ్చలున్నాయి. చాలా ఏళ్ళ తర్వాత ఆ చెయ్యి వెచ్చగా, పొడిగా ఉంది. వణకడం లేదు. ఆమె దాన్ని వదలకుండా కొంతసేపు అలాగే పట్టుకుంది. అతను లాక్కోలేదు.

"ఆకలేస్తోంది" అన్నాడు.

"ఏం తింటావు?"

"ఏదైనా. విత్తనాలు లేనిది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది కొంచెం. చేతిసంచిలో రుమాలు కోసం వెతికింది. సంచి సీటు మీద, ఇద్దరి మధ్యా, తెరిచి పడి ఉంది. రుమాలు దొరికాక మొహం తుడుచుకుని, కారు తీసింది.

వంతెన దాటుతుంటే రిచీ మాట్లాడడం మొదలుపెట్టాడు. మఠం ఇంటి పైకప్పు ఉత్తరం వైపు కారుతోందట. రేకు కింద చెక్క కుళ్ళి ఉంటుందట. తాను ఎక్కకూడదు కానీ, కింద నిలబడి కుర్రాళ్ళకు చూపిస్తే వాళ్ళు చేయగలరట. లమార్‌ను అడిగాడట. కౌంటీ సామాన్లు ఇస్తానందట. ఏ రేకు మంచిదో, ఎక్కడ కొనాలో, వాన ముందు ఎన్ని మేకులు కొట్టాలో చెబుతూనే ఉన్నాడు. బెర్నీకి పైకప్పుల గురించి ఏమీ తెలియదు. ఊ కొడుతూ, తిరగాల్సిన మలుపు దాటిపోయినా ఆపకుండా, నది వెంట ఇంకొంచెం దూరం నడిపింది.